నాలుగు రాజ్యాంగాలు, ఒక త్రాసు



తరగతి గదిలో ఉపాధ్యాయుడు చెప్పిన పొరపాటు మాటను వెనుకకు తీసుకోవడం చాలా కష్టం. విన్న పిల్లలు పెరిగి పెద్దవారై తలకొక ఊరికి చెదరిపోతారు. 2011 జనవరి చివరిలో ట్యునీషియా గురించి తొమ్మిదవ తరగతి పిల్లలకు నేను చెప్పిన మాటలు అటువంటివి. పద్యపాఠం ముగిసి పది నిమిషాలు మిగిలితే ఆనాటి వార్తాపత్రికలోని విశేషమొకటి చెప్పడం నాకు అలవాటు. ఆ రోజు చెప్పినది ఇది: ఉత్తర ఆఫ్రికాలోని ఆ దేశంలో పట్టభద్రుడైన యువకుడొకడు ఉద్యోగం దొరకక తోపుడు బండి మీద పండ్లు, కూరగాయలు అమ్ముకుంటున్నాడు. మునిసిపాలిటీ ఉద్యోగిని ఒకామె అతని త్రాసు లాక్కొని చెంపదెబ్బ కొట్టింది. అవమానం భరించలేక అతడు ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆ మంటలో ఇరవై మూడేళ్ల నియంతృత్వం దగ్ధమైంది.

పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. చివరి బల్ల మీది కుర్రవాడు లేచి, "మాస్టారూ, ఆ త్రాసేదో తిరిగి ఇచ్చేస్తే సరిపోయేది కదండీ?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంతలో గంట కొట్టారు.

పదవీ విరమణ తరువాత తీరికగా ఆ దేశ చరిత్ర చదివినప్పుడు నా తప్పులు బయటపడ్డాయి. ఆ యువకుడు మొహమ్మద్ బువాజీజీ పట్టభద్రుడు కాడు. ఉన్నత పాఠశాల చదువు కూడా పూర్తి చేయలేదు. చెంపదెబ్బ మాటను ఆ ఉద్యోగిని నిరాకరించింది. ఆమెపై పెట్టిన కేసును 2011 ఏప్రిల్‌లో న్యాయస్థానం కొట్టివేసింది. ఈ రెండూ పత్రికలను నమ్మి చేసిన తప్పులు. మూడవది పూర్తిగా నాదే. ఆ కుర్రవాడు అడిగినది నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదు. దానికి సమాధానం చెప్పాలంటే ఆ దేశపు నేలను, నీటిని, అప్పులను, రాజ్యాంగాలను వరుసగా చూడవలసి ఉంటుంది. ఈ టపా ఆలస్యంగా చెబుతున్న ఆ సమాధానం.

ఖండానికి పేరిచ్చిన నేల

పడమట అల్జీరియాకు, ఆగ్నేయాన లిబియాకు నడుమ ఇమిడిన చిన్న దేశం ట్యునీషియా. వైశాల్యం సుమారు 1,63,600 చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంత. జనాభా మాత్రం ఒక కోటి ఇరవై లక్షలు. ఉత్తరాన, తూర్పున మధ్యధరా సముద్రం. ఈశాన్యాన సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన బోన్ అగ్రం నుండి ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపం దాదాపు నూట యాభై కిలోమీటర్లే. రోమనులు తాము జయించిన ఈ భూభాగానికే మొదట ఆఫ్రికా అని పేరు పెట్టారు. అరబ్బులు దానినే ఇఫ్రీకియా అన్నారు. కాలక్రమంలో ఆ పేరు ఖండమంతటికీ వ్యాపించింది.

మొరాకోలో మొదలైన అట్లాస్ పర్వతాలు తూర్పుగా సాగి సాగి ఈ దేశంలో అంతమవుతాయి. నైరుతి నుండి ఈశాన్యానికి ఏటవాలుగా సాగే వాటి చివరి శ్రేణిని దోర్సాల్ అంటారు; ఫ్రెంచి భాషలో ఆ మాట వెన్నును సూచిస్తుంది. దేశంలో ఎత్తయిన షాంబీ శిఖరం (1,544 మీటర్లు) ఈ శ్రేణిలోనిదే. ఈ వెన్నుకు ఉత్తరాన వాన ఉంది, గోధుమ ఉంది, ఏడాది పొడవునా పారే ఏకైక పెద్ద నది మెజెర్దా ఉంది. దక్షిణాన వర్షపాతం గబగబా తగ్గిపోతుంది. ముందు గొర్రెలు మేసే మెట్ట మైదానాలు, అటుపై షత్ అల్ జరీద్ అనే విశాలమైన ఉప్పుపర్ర, దాని అంచున ఖర్జూరపు ఒయాసిస్సులు, ఆపైన సహారా. తూర్పు తీరం వెంబడి సూస్, మొనాస్తీర్ పట్టణాలున్న పట్టీని సాహెల్ అంటారు. అరబ్బీలో దానికి తీరమనే అర్థం. ఆలివ్ తోటలు, రేవులు, బడులు, వర్తకం అక్కడ తరతరాలుగా నిలదొక్కుకున్నాయి.

ఇక్కడొక విషయం గుర్తుంచుకోవాలి. రోమనుల కాలంలో జగ్వాన్ కొండల ఊటనీటిని కార్తేజ్ నగరానికి తెచ్చేందుకు నూట ముప్ఫై కిలోమీటర్ల మేర కాలువ కట్టారు. దాని రాతి కమానులు నేటికీ పొలాల నడుమ నిలిచి ఉన్నాయి. ఆధునిక కాలంలోనూ ఉత్తరపు నదీజలం కాలువల మీద రాజధానికి, బోన్ అగ్రానికి వెళుతుంది. మధ్య ప్రాంతపు భూగర్భజలం గొట్టాలలో స్ఫాక్స్ నగరానికి చేరుతుంది. రాజ్యాలు ఎన్ని మారినా నీరు లోపలి నేల నుండి తీరానికే నడిచింది. నీటి వెంబడే ధాన్యం, ఖనిజం, పన్ను, చివరకు మనుషులు కూడా.

కార్తేజ్, కైరవాన్, ఖల్దూన్

కార్తేజ్ నగర స్థాపన కథ వింటే మనవారికి వామనావతారం జ్ఞప్తికి రాక మానదు. తూరు నగరం నుండి పారిపోయి వచ్చిన రాణి ఎలిస్సా (ఈమెనే రోమను కవులు డైడో అన్నారు) ఒక ఎద్దుచర్మం కప్పినంత నేల ఇమ్మని స్థానిక ప్రభువును వేడిందట. ఇచ్చిన తరువాత ఆ చర్మాన్ని సన్నని పోగులుగా కోసి కొండనంతటినీ చుట్టేసిందట. ఐతిహ్యం ప్రకారం అది క్రీ.పూ. 814. వామనుడి మూడడుగుల వలెనే ఇందులోనూ దాత మాట ఇచ్చి చిక్కుకుపోయాడు.

వర్తకంతో వర్ధిల్లిన ఆ నగరాన్ని క్రీ.పూ. 146లో రోమనులు నేలమట్టం చేశారు. అక్కడ ఉప్పు చల్లారన్న ప్రసిద్ధ కథకు ప్రాచీన ఆధారం లేదు. అది చాలా తరువాతి కల్పన. నిజంగా జరిగినది మరింత ఆలోచింపజేస్తుంది. నగరాన్ని తగులబెట్టిన రోము, మాగో అనే కార్తేజ్ పండితుడు వ్యవసాయం మీద రాసిన ఇరవై ఎనిమిది సంపుటాల గ్రంథాన్ని మాత్రం ఏరి తీసి, తన శాసనసభ ఆజ్ఞతో లాటిన్‌లోకి అనువదింపజేసుకుంది. ఆ తరువాత శతాబ్దాల పాటు ఈ నేల రోముకు ధాన్యాగారమైంది.

క్రీ.శ. 670లో అరబ్బు సేనాని ఉక్బా కైరవాన్ నగరాన్ని నెలకొల్పాడు. సముద్రం మీద బైజాంటియమ్ నౌకల భయం ఉన్నందున రాజధానిని లోపలి మైదానంలో కట్టారు. లోపలి నేలకు అగ్రస్థానం దక్కిన అరుదైన కాలమది. తరువాతి శతాబ్దాల్లో రాజధాని స్థానం మళ్లీ తీరాన ట్యునిస్‌కు మారింది.

ఆ ట్యునిస్‌లోనే 1332లో ఇబ్న్ ఖల్దూన్ పుట్టాడు. 1377లో ఆయన రచించిన ముఖద్దిమా చరిత్రకు కారణాలు వెదికిన మహాగ్రంథం. కటిక నేలలో బ్రతికే వారికి ఒకరి కోసం ఒకరు నిలిచే కట్టుబాటు బలంగా ఉంటుందనీ, ఆ బలంతో వారు నగరాన్ని జయిస్తారనీ, నగరభోగాల్లో కొన్ని తరాలకు ఆ కట్టు సడలి మరొకరికి లొంగిపోతారనీ ఆయన సిద్ధాంతం. పన్నుల గురించి కూడా ఆయన రాశాడు. రాజవంశపు తొలినాళ్లలో పన్ను రేటు తక్కువగా, రాబడి ఎక్కువగా ఉంటుంది. చివరి రోజుల్లో రేటు పెరుగుతుంది, రాబడి తరుగుతుంది. ఆయన మరణించిన నాలుగున్నర శతాబ్దాలకు ఆయన పుట్టిన ఊరి ప్రభువులే ఈ మాటను నిజం చేసి చూపారు.

మొదటి రాజ్యాంగం

1574 నుండి ట్యునీషియా ఉస్మానియా సామ్రాజ్యంలో భాగం. 1705 నుండి హుసైనీ వంశపు బేలు నామమాత్రపు సామంతులుగా స్వతంత్రంగానే పాలించారు. వారిలో అహ్మద్ బే 1846లో బానిసత్వాన్ని రద్దు చేశాడు. అమెరికా కంటె ఇది దాదాపు రెండు దశాబ్దాలు ముందు. 1861లో సాదిఖ్ బే కాలంలో రాజ్యాంగం వచ్చింది. అరబ్బు ప్రపంచంలో అదే మొదటి లిఖిత రాజ్యాంగం. ప్రభువు అధికారానికి హద్దు గీసి, అరవై మంది సభ్యుల మహాసభను ఏర్పరచింది.

కాగితం మీద ఇంత గొప్ప మాటలు రాసిన ప్రభుత్వమే ఆధునిక సైన్యానికీ భవనాలకీ ఐరోపా వడ్డీ వ్యాపారుల వద్ద అప్పులు చేసింది. ప్రధానమంత్రి ఖజ్నాదార్ ఖజానాను సొంతానికి వాడుకున్నాడు. ఆ లోటు పూడ్చడానికి మజ్బా అనే తలపన్నును 36 పియాస్త్రల నుండి ఒక్కసారిగా 72కు పెంచారు. 1864లో లోపలి తెగలు తిరగబడ్డాయి. వారి నాయకుడు అలీ బెన్ గెదాహెమ్ కొత్త పన్నును, కొత్త న్యాయస్థానాలను, వాటితోపాటు రాజ్యాంగాన్ని కూడా రద్దు చేయమన్నాడు. ఆ రైతు కంటికి రాజ్యాంగమంటే పన్ను రెట్టింపు చేసిన కాగితమే. బే రాజ్యాంగాన్ని పక్కన పెట్టి, తరువాత తిరుగుబాటును నిర్దాక్షిణ్యంగా అణచివేశాడు. తిరుగుబాటులో కలిసిన సాహెల్ పట్టణాలను కూడా జుల్మానాలతో దివాలా తీయించాడు. కాబట్టి తీరం ఎల్లప్పుడూ సుఖపడిందనడం పొరపాటే.

1869లో ఖజానా తాళం అంతర్జాతీయ ఋణసంఘం చేతికి పోయింది. 1881లో బార్దో ఒప్పందంతో దేశం ఫ్రాన్సు రక్షణ పేరిట పరాధీనమైంది. మొదటి రాజ్యాంగం బ్రతికినది మూడేళ్లు.

ఎర్రమన్ను కాదు, బూడిదరంగు మన్ను

1885లో ఫిలిప్ తొమాస్ అనే ఫ్రెంచి పశువైద్యుడు గఫ్సా కొండల్లో ఫాస్ఫేట్ నిక్షేపాలను గుర్తించాడు. పదిహేనేళ్లలో గనులు తెరిచారు. స్ఫాక్స్ రేవుకు రైలుమార్గం వేశారు. రైలుపట్టాలు దేశాన్ని కలుపుతాయని మనం పిల్లలకు చెబుతాము. ఈ పట్టాలు మాత్రం ముఖ్యంగా కొండను తవ్వి రేవుకు చేర్చడానికి పుట్టాయి.

ఈ మన్నుకు మన పొలాలతో సంబంధముంది. మనం వేసే డీఏపీ వంటి ఎరువులకు ఫాస్ఫేట్ మూలం. భారతదేశంలో దాని నిల్వలు తక్కువ గనుక అధికభాగం మొరాకో, జోర్డాన్, ట్యునీషియా వంటి దేశాల నుండి రావలసిందే. స్ఫాక్స్‌కు దక్షిణాన స్ఖీరా వద్ద 2013లో ఉత్పత్తి మొదలైన ఫాస్ఫారిక్ ఆమ్ల కర్మాగారాన్ని ట్యునీషియా ప్రభుత్వ సంస్థలతో కలిసి నెలకొల్పిన వారిలో గుజరాతు ఎరువుల సంస్థతో పాటు సికింద్రాబాదు కేంద్రంగా పనిచేసే కోరమాండల్ సంస్థ కూడా ఉంది. గోదావరి జిల్లా వరిచేనుకూ గఫ్సా కొండకూ ఇంత దగ్గర చుట్టరికమని నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎరుగను.

2008 జనవరిలో గఫ్సా గనుల కంపెనీ ఉద్యోగ నియామకాల ఫలితాలు వెలువడ్డాయి. అందులో పక్షపాతం జరిగిందని రెదేయెఫ్ పట్టణంలో నిరుద్యోగులు, వితంతువులు, కార్మికులు రోడ్డెక్కారు. ఆరు నెలలు సాగిన ఆ ఉద్యమాన్ని తుపాకులతో, జైళ్లతో అణచారు. రాజధాని పత్రికలు దానిని దాదాపు పట్టించుకోలేదు. బువాజీజీ మంటకు ముందు రాజుకున్న నిప్పు అది.

సాహెల్ నుండి ఇద్దరు

1956 మార్చి 20న ట్యునీషియా స్వతంత్రమైంది. ఉద్యమ నాయకుడు హబీబ్ బూర్గిబా మొనాస్తీర్‌వాడు. ఆయన చేసిన మేలు చిన్నది కాదు. స్వాతంత్ర్యం వచ్చిన అయిదు నెలలకే బహుభార్యాత్వాన్ని నిషేధించి, విడాకులను న్యాయస్థానం పరిధిలోకి తెచ్చాడు. రాబడిలో పెద్ద భాగాన్ని చదువుకు కేటాయించాడు. ఒక ఉపాధ్యాయుడిగా నేను ఆయనకు నమస్కరిస్తాను. కానీ 1959లో వచ్చిన రెండవ రాజ్యాంగాన్ని 1975లో సవరింపజేసి తననే యావజ్జీవ అధ్యక్షుణ్ణి చేయించుకున్నాడు. 1983 డిసెంబరు చివర రొట్టె, గోధుమ ఉత్పత్తుల ధరలు రెట్టింపు కాగానే దక్షిణపు ఒయాసిస్సుల్లో అల్లర్లు మొదలై రాజధానికి పాకాయి. సైన్యం కాల్పుల్లో పదుల సంఖ్యలో చనిపోయారు. 1984 జనవరి 6న బూర్గిబా టెలివిజన్‌లో కనిపించి ధరలు మునుపటిలాగే ఉంటాయన్నాడు.

1987 నవంబరు 7న ప్రధాని బెన్ అలీ వైద్యుల ధ్రువపత్రం చూపి వృద్ధ అధ్యక్షుణ్ణి తొలగించాడు. ఈయనదీ సాహెలే, సూస్ పక్కనున్న హమ్మామ్ సూస్. యాభై నాలుగేళ్ల పాటు దేశాన్ని ఏలిన ఇద్దరూ ఒకే తీరపు పట్టీవారు. 1972 చట్టం తరువాత ఐరోపాకు ఎగుమతి చేసే బట్టల మిల్లులు, విద్యుత్ తీగల కర్మాగారాలు, సముద్రతీరపు హోటళ్లు వరుసగా లేచాయి, అన్నీ రేవుల దరిదాపుల్లోనే. ట్యునిస్, స్ఫాక్స్, సూస్ నగరాలకు గంట ప్రయాణం లోపలే దేశంలోని పరిశ్రమల్లో 92 శాతం ఉన్నాయని 2014లో ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. ఆలివ్ నూనెలో ఈ దేశం ప్రపంచపు అగ్రగాముల్లో ఒకటి. అయితే అందులో ఎక్కువ భాగం పీపాలలో ఇటలీ, స్పెయిన్ దేశాలకు పోయి, అక్కడి సీసాలలో అక్కడి పేరుతో అమ్ముడవుతుంది. తీరానికి లోపలి నేల ఎటువంటిదో, ఐరోపాకు ట్యునీషియా అటువంటిది.

డిసెంబరు 17, జనవరి 14

సిదీ బూజీద్ మెట్ట మైదానంలోని పట్టణం. ఆ జిల్లాలో భూగర్భజలం తోడి కూరగాయలు బాగా పండిస్తారు. కానీ పండిన పంట తీరానికి పోతుంది. దాని మీద వచ్చే లాభం, పని, పరిశ్రమ వెనుకకు రావు. ఆ కూరగాయలనే బండి మీద అమ్ముకొని ఇంటిని పోషించే ఇరవై ఆరేళ్ల బువాజీజీ 2010 డిసెంబరు 17న తన త్రాసు పోగొట్టుకున్నాడు. ఫిర్యాదు చేయడానికి గవర్నరు కార్యాలయానికి వెళితే లోపలికి రానివ్వలేదు. ఆ భవనం ఎదుటనే నిప్పంటించుకున్నాడు. జనవరి 4న చనిపోయాడు. మంట ఒక్కొక్క లోపలి పట్టణం దాటి, కార్మిక సంఘాల శాఖల ద్వారా రాజధానికి చేరింది. జనవరి 14న బెన్ అలీ సౌదీ అరేబియాకు పారిపోయాడు.

ఆ తరువాత మూడేళ్లు కల్లోలంగా గడిచాయి. 2013లో ప్రతిపక్ష నాయకులు ఇద్దరు హత్యకు గురయ్యారు. అంతర్యుద్ధం వస్తుందనుకున్నవేళ కార్మిక సంఘం, పరిశ్రమాధిపతుల సంఘం, న్యాయవాదుల సంఘం, మానవహక్కుల సంఘం కూర్చొని మతవాద పక్షానికీ లౌకిక పక్షాలకూ రాజీ కుదిర్చాయి. 2014 జనవరిలో సభలో ఓటింగులో పాల్గొన్న 216 మందిలో 200 మంది ఆమోదంతో మూడవ రాజ్యాంగం వచ్చింది. ఆ నాలుగు సంఘాల కూటమికి 2015లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. అదే ఏడు బార్దో మ్యూజియం మీద, సూస్ సముద్రతీరం మీద ఉగ్రవాదులు దాడి చేసి అనేకులను, ఎక్కువగా విదేశీ యాత్రికులను, చంపారు. హోటళ్లు వెలవెలబోయాయి. 2010లో ఎనభై లక్షల టన్నులున్న ఫాస్ఫేట్ ఉత్పత్తి సమ్మెలు, దిగ్బంధాలతో సగానికి పైగా పడిపోయింది. దశాబ్దం తిరగక ముందే పది ప్రభుత్వాలకు దగ్గరగా మారాయి. సిదీ బూజీద్‌లో ఉద్యోగాలు మాత్రం రాలేదు.

2019లో కయిస్ సయీద్ అనే రాజ్యాంగ శాస్త్ర అధ్యాపకుడు, ఏ పార్టీ లేనివాడు, 70 శాతం పైచిలుకు ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. 2021 జూలై 25న ప్రధానిని తొలగించి పార్లమెంటును స్తంభింపజేశాడు. ఆ రాత్రి చాలామంది వీధుల్లో హర్షించారు. ఆ ఏడాది చివర ఆయన విప్లవ దినోత్సవాన్ని జనవరి 14 నుండి డిసెంబరు 17కు మార్చాడు. ఒకటి రాజధాని తేదీ, రెండవది సిదీ బూజీద్ తేదీ. తేదీ మార్చడంలో న్యాయముంది. కానీ లోపలి నేలకు ఆయన ఇచ్చినది తేదీ మాత్రమే. 2022 జూలైలో నాలుగవ రాజ్యాంగం సర్వాధికారాలనూ అధ్యక్షుడి చేతిలో పెట్టింది. ఆ ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసినవారు సుమారు 30 శాతం. ఆ డిసెంబరులో పార్లమెంటు ఎన్నికలకు వచ్చినవారు 11 శాతం. 2024 అక్టోబరులో ఆయన 90 శాతం ఓట్లతో తిరిగి గెలిచాడు. పోలైనది 29 శాతం లోపే. ప్రతిపక్ష నాయకులు, న్యాయవాదులు, పాత్రికేయులు అనేకులు జైలుపాలయ్యారు. 2025 ఏప్రిల్‌లో ఒకే కేసులో పలువురికి దశాబ్దాల శిక్షలు పడ్డాయి.

అంతర్జాతీయ ద్రవ్యనిధితో 2022లో కుదిరిన 190 కోట్ల డాలర్ల ఋణపు ప్రాథమిక ఒప్పందాన్ని సయీద్ కాదన్నాడు. సబ్సిడీలు తొలగిస్తే 1984 మళ్లీ వస్తుందన్న ఆయన భయం నిరాధారం కాదు. దేశానికి గోధుమలో పెద్ద భాగం దిగుమతే. 2022, 2023లలో రొట్టెల దుకాణాల ముందు వరుసలు పెరిగాయి. 2025 అక్టోబరులో గాబెస్ నగరంలో వేలమంది వీధిలోకి వచ్చారు. గఫ్సా మన్నును ఆమ్లంగా మార్చే అక్కడి కర్మాగారాల పొగ తమ పిల్లల ఊపిరి ఆడనివ్వడం లేదని వారి మొర. ఆ ఊరు సముద్రం ఒడ్డునే ఉంది. అంటే తీరంలో కూడా లోపలి నేల ఉంటుందన్నమాట.

కుర్రవాడికి సమాధానం

నాయనా, ఆనాడు నీవు అడిగినది సరైన ప్రశ్న. ఆ పూట ఆ త్రాసు తిరిగి ఇచ్చి ఉంటే బువాజీజీ బ్రతికి ఉండేవాడు. బహుశా ఈపాటికి నలభై దాటి, అదే సంతలో పండ్లు తూస్తుండేవాడు. కానీ ఇవ్వడానికి ఆ కార్యాలయంలో ఎవరికీ అవసరం కనిపించలేదు. 1864లో పన్ను రెట్టింపు చేసినవారికీ, 1984లో రొట్టె ధర పెంచినవారికీ, 2008లో రెదేయెఫ్ మొర విననివారికీ కనిపించలేదు. లోపలి నేల మనిషి వచ్చి అడిగితే తలుపు తెరవాలన్న అలవాటు ఆ రాజ్యానికి ఎన్నడూ లేదు. నాలుగు రాజ్యాంగాలు వచ్చినా ఆ అలవాటు ఒక్కటీ రాలేదు. 2014 నాటిది నిజంగా మంచి రాజ్యాంగం. దానిని కూల్చినప్పుడు కాపాడడానికి సిదీ బూజీద్ కదలకపోవడానికి కారణం కూడా ఇదే. తమ త్రాసును తిరిగి ఇప్పించని కాగితం కోసం ఎవరు ప్రాణాలొడ్డుతారు?

అతడు పట్టభద్రుడని, చెంపదెబ్బ తిన్నాడని చెప్పి నేను ఆ కథకు లేని అలంకారాలు తొడిగాను. పట్టా లేకపోయినా, దెబ్బ తినకపోయినా అతని ఫిర్యాదు వినవలసిందే. ఆనాటి నా విద్యార్థులలో ఎవరి కంటనైనా ఈ పుట పడితే, నోటుబుక్కులో ఆ రెండు మాటలూ కొట్టివేయమని మనవి.